తాళంచెవి ఎవరింట్లో ఉండాలి?

2017 ఎండాకాలంలో మా ఐదో బోరు వేశాం. రాత్రి పదకొండుకు లారీ చేలో దిగింది. తెల్లవారుజామున నాలుగింటికి, 720 అడుగుల దగ్గర, డ్రైవరు మిషను ఆపి నాయన ముఖంలోకి చూశాడు. అప్పటిదాకా పైకి వచ్చింది రాతిపొడే. ఎనుముల వీపు మీద, చెనిక్కాయ (వేరుశనగ) కట్టె వామి మీద, అమ్మ తల మీద ఆ పొడి పడి, తెల్లారేసరికి ఇంటిల్లిపాదీ పిండిమరలో పనిచేసి వచ్చినట్టున్నాం. లక్షా పదివేలు ఆ పొడిలో కలిసింది. నీళ్లు ఎక్కడ పడతాయో టెంకాయతో పాయింటు చూపించినాయన మాత్రం "అరచేతిలో టెంకాయ నిలబడింది కదప్పా" అని ఇప్పటికీ అంటాడు.

మాది కదిరి వైపు చిన్న పల్లె. అప్పటికి అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర అంటారు. సగటుతో సేద్యం చేసినవాడు మా వైపు ఎవడూ లేడు. జూలైలో చెనిక్కాయ విత్తుతాం, ఆగస్టులో మూడు వారాలు బెట్ట పెడుతుంది, కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగాల్సిన వేళకు నేల గట్టిపడి కూర్చుంటుంది. ఒక్క తడి ఇవ్వగలిగితే పంట దక్కుతుంది. ఆ ఒక్క తడి కోసం ఇంటికి నాలుగైదు బోర్లు వేసి అప్పులపాలైన ఊరు మాది.

మా కింద ఉన్నది నల్లరాయి. నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి. బోరు పగులును తాకితే నీళ్లు, తాకకుంటే పొడి. తాకినా ఆ పగులు ఎవరి గట్టు దగ్గరా ఆగదు. 2015లో చిన్నాయన మా గట్టుకు అరవై గజాల దూరంలో బోరు వేస్తే ఆయనకు రెండంగుళాల నీళ్లు పడ్డాయి. వారానికే మా మూడో బోరు సన్నబడింది. నాయనా, చిన్నాయనా రెండేళ్లు మాట్లాడుకోలేదు. పండక్కి మాత్రం పిల్లల చేత కజ్జికాయలు పంపుకునేవాళ్లు.

తాత కాలంలో ఇట్లా లేదట. అప్పుడు బావి. బావిలో మాకు పావు వంతు, చిన్నతాతకు పావు, మిగతా సగం మామ వాళ్లది. కపిల (ఎడ్లతో బావి నీళ్లు తోడే ఏర్పాటు) తోలడానికి వంతులుండేవి, ఎడ్లు లేనివాడు బదులుకు మనిషిని పంపేవాడు. బావి ఎండి బోర్లు వచ్చాకే నీళ్లు ఒకరి సొంతమయ్యాయి. బోరు పక్కన స్టార్టర్ డబ్బా, డబ్బాకు తాళం, ఆ తాళంచెవి నాయన మొలతాడుకు. స్నానానికి పోయినా అది ఊడేది కాదు.

నీళ్లు కలుపుకుందాం అన్న మాట మొదట తెచ్చింది మా మామ, అంటే అమ్మకు తమ్ముడు. ఆయన లెక్కల మనిషి. 2003 నుంచి కొన్నేళ్లపాటు ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో, రైతులే వానను, బోర్ల నీటిమట్టాన్ని కొలుచుకుని దాన్నిబట్టి పంట వేసుకునే కార్యక్రమం ఒకటి నడిచింది. ఆ శిక్షణలకు మామ తిరిగాడు. ఇప్పటికీ ఆయన ఇంటి దగ్గర వానమాపకం ఉంది, చినుకు పడితే ముందు దాని దగ్గరికే పోతాడు. కరువు మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ పిల్లలు, జిల్లాలో ఇంకోచోట బోర్లను పైపులతో కలిపి చుట్టుపక్కల మెట్ట భూములకు తడి ఇస్తున్నారని చెబితే, మమ్మల్ని ఆటోలో వేసుకుని చూపించడానికి తీసుకుపోయాడు.

అక్కడ నాకు బాగా గుర్తున్నది ఒక ముసలామె. చేలో గట్టు పక్కన పైపు మూత తిప్పి చూపించింది. "ఈ నీళ్లు ఎవరివి అవ్వా?" అని అడిగాను. "ఆయప్పవి" అని దూరంగా ఉన్న చేను చూపించి, "ఇయ్యాల నావి" అంది. తిరుగు దారిలో ఆటోలో నాయన ఒక్క మాట మాట్లాడలేదు.

మా దగ్గర లెక్క ఇట్లా తేలింది. వాగు వైపు ఒకే చెక్కగా ఉన్న 24 ఎకరాలు, ఏడిళ్లు. మామకు ఐదెకరాలు, చిన్నాయనకు నాలుగు, మాకు నాలుగు; ఈ మూడిళ్లకే పారే బోర్లున్నాయి. వదినకు మూడు (పెదనాయన కోడలు, అన్న బెంగళూరులో బేల్దారి పనికి పోతే సేద్యమంతా ఆమెదే). గుడి పక్క అన్నదమ్ములిద్దరికీ చెరో మూడు. మేకల తాతకు రెండు. ఈ నలుగురికీ బోర్లు లేవు, వేసినవి పోయాయి.

రచ్చకట్ట దగ్గర మొదటి కూటమి అరగంటలో లేచిపోయింది.

"నా బోరు నీళ్లు ఇంగొకరికి ఎందుకియ్యల్ల? బోరుకు అప్పు చేసినప్పుడు ఎవరన్నా వచ్చి వడ్డీ కట్టినారా?" అన్నాడు నాయన. తప్పేమీ కాదు ఆ మాట.

రెండో కూటమిలో వదిన నాయనను అడిగింది. "మామా, మీకు ఐదు బోర్లలో నాలుగు పోయినాయి. మాకు రెండిటికి రెండూ పోయినాయి. మేము రేపు అప్పు చేసి మీ గట్టుకు ఆనుకుని ఇంగొకటి వేస్తే మీ బోరు ఉంటాదా?" ఎవరూ మాట్లాడలేదు. చిన్నాయన మాత్రం గొంతు సవరించుకున్నాడు, ఆయన వేసింది అట్లాంటి బోరే కాబట్టి.

నా దృష్టిలో మా ఒప్పందం కుదిరింది ఆ ప్రశ్న మీదే. ఈ కథ విన్న టౌను వాళ్లు "పల్లెల్లో ఇంకా ఆ మంచితనం ఉంది" అంటుంటారు. మంచితనం అప్పుడూ ఉంది, బోర్లు ఎండుతూనే ఉన్నాయి. బోరున్నవాడికి పక్కవాడి కొత్త బోరంటే భయం. లేనివాడికి అప్పు భయం. రెండూ ఒకే కాగితం మీదకు ఎక్కాయి, అంతే.

ఎక్కించడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. 2018 ఫిబ్రవరిలో వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టాం. పదేళ్లు ఆ చెక్కలో ఎవరూ కొత్త బోరు వేయకూడదు. ఆ నీళ్లతో వరి పెట్టకూడదు. ఖరీఫులో అందరి పంటకూ తడి అందేదాకా ఎవరూ సొంతానికి పారించుకోకూడదు. మోటారు కాలితే ఖర్చు ఎకరాల లెక్కన ఏడిళ్లూ భరించాలి. ఈ చివరిది వినగానే నాయన కాస్త మెత్తబడ్డాడు. మోటారు రీవైండింగుకు ఏటా ఎనిమిది వేలు పెట్టే మనిషి. వదిన భూమి అన్న పేరు మీదే ఉంది గానీ, సంతకం తనదే ఉండాలని పట్టుబట్టింది. బెంగళూరు నుంచి అన్న ఫోనులో సరేనన్నాక ఇద్దరి చేతా పెట్టించాం.

నీళ్లు ఎన్ని ఉన్నాయో తెలియకుండా పంచుకోలేం కదా. మామ ఒక ఉపాయం చెప్పాడు. రెండు వందల లీటర్ల డ్రమ్ము, చేతిలో సెల్లు. బోరు కనీసం రెండు గంటలు నడిచాక పైపు కింద డ్రమ్ము పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడాలి. (మోటారు వేసిన వెంటనే కొలిస్తే కేసింగులో నిలిచిన నీళ్లు వచ్చి అందరూ జమీందార్లే అవుతారు.) మామ బోరుకు 80 సెకన్లు, చిన్నాయనకు 100, మాకు 160. అందరి ముందూ మా 160 బయటపడటం నాయనకు నచ్చలేదు. "మంచి బోరు" అని ఊరంతా చెప్పుకుని ఉన్నాడు.

మూడు బోర్లూ కలిపితే గంటకు 20,700 లీటర్లు. అప్పట్లో కరెంటు రోజుకు ఏడు గంటలు. అంటే రోజుకు లక్షా నలభై అయిదు వేల లీటర్లు. ఎకరా మీద ఒక అంగుళం ఎత్తు నీళ్లు చల్లాలంటే లక్ష లీటర్ల పైచిలుకు కావాలి. మామ ఇదంతా బీడీ కట్ట కాగితం మీద వేశాడు. 24 ఎకరాలకు ఒక తడి తిరగడానికి పదిహేడు రోజులు. "చాల్లే, వానొస్తాది అప్పటికి" అని నవ్వుకున్నాం.

పైపుల పని నాకు మహా సరదాగా తోచింది, పాడైనప్పుడు తప్ప. మొత్తం 1,400 మీటర్లు. పైపుల ఖర్చులో పెద్ద భాగం సంస్థ ద్వారా వచ్చింది, మా వాటా ఎకరాకు రెండు వేలు, తవ్వకం మాది. మడక తగలకుండా రెండున్నర అడుగుల లోతు కాలువ. మెత్తటి చోట మేమే తవ్వాం, గట్టు కింద రాయి తగిలితే జేసీబీ పిలిచాం. ప్రతి చేనుకూ ఒక మూత, దానికి స్ప్రింక్లర్ల లైను తగిలించుకోవచ్చు. మే నెలాఖరుకు అయిపోయింది. టెంకాయ కొట్టి మూడు మోటార్లూ ఒకేసారి వేశాం.

వదిన చేలో నీళ్లు ఎగిరాయి. పిల్లలు తడుస్తూ కేకలు. పది నిమిషాలకు మేకల తాత మా బోరు వైపు నుంచి అరుచుకుంటూ వచ్చాడు: "ఒరే, నీళ్లు ఎనక్కి పోతాండాయి!" నిజమే. మామ మోటారుకు ఒత్తిడి ఎక్కువ, మాదానికి తక్కువ. మూడింటినీ ఒకే గొట్టంలో కలిపితే ఆయన నీళ్లు మా గొట్టం గుండా నేరుగా మా బోరులోకి దిగుతున్నాయి. నాయన నడుం మీద చేయి పెట్టుకుని చూస్తూ, "కలుపుకోమంటిరి కదా" అన్నాడు. ఆ రోజంతా అందులో ఆయనకొక్కడికే నవ్వొచ్చింది. కదిరి నుంచి మెకానిక్కు వచ్చి ప్రతి బోరు దగ్గరా నీళ్లు వెనక్కి రాకుండా ఎన్ఆర్‌వీ బిగించాడు. అయినా మా బోరు ఆ ఒత్తిడికి ఎదురు నెట్టలేకపోయింది. చివరికి మాదాన్ని విడిగా, పల్లంలో ఉన్న రెండు చేలకే పరిమితం చేశాం. ఆ మాట ముందే ఎవరన్నా చెప్పి ఉంటే నాలుగు వందల మీటర్ల పైపు మిగిలేది.

అసలు పరీక్ష ఆ ఆగస్టులోనే వచ్చింది. జూలై మొదటి వారంలో కె-6 రకం చెనిక్కాయ విత్తాం. మొలక బాగా వచ్చింది. పూత దాకా రెండు వానలు. తర్వాత చినుకు లేదు. పద్దెనిమిదో రోజు చేలో కూర్చుని మొక్క పక్కన మట్టి వేలితో గీకి చూశాను. ఊడలు సూదుల్లా కిందికి వచ్చి, గట్టి పెచ్చును తాకి, కొసలు నల్లబడి వంగిపోతున్నాయి. నేలలోకి దిగినవి పది మొక్కలకు రెండో మూడో.

ఇరవై నాలుగు ఎకరాలకు పదిహేడు రోజులని బీడీ కట్ట కాగితం చెప్పింది. చివరి చేనుకు నీళ్లు పోయేసరికి అక్కడ తడపడానికి పంట ఉండదు. ఎవరిది ముందు? బోరున్నవాళ్లది ముందని నాయన. చీటీలు వేద్దామని అన్నదమ్ములు. గంటసేపు రచ్చకట్ట మీద కేకలు.

అప్పుడు మేకల తాత కర్ర నేల మీద కొట్టి, "చెరువు సగం నిండిన ఏడు ఏం చేసేటోళ్లంరా మీ తాతలూ నేనూ? దామాషా మర్చిపోతిరా?" అన్నాడు.

నాకు ఆ మాట వినడమే గానీ అర్థం తెలియదు. చెరువులో నీళ్లు ఆయకట్టు మొత్తానికీ చాలకపోతే, ఒకరికి పూర్తిగా ఇచ్చి ఒకరిని ఎండబెట్టరు. అందరి మడీ ఒకే వంతున తగ్గిస్తారు. నాలుగెకరాలున్నవాడు రెండే నాటుకుంటాడు, రెండున్నవాడు ఒకటి. చెరువు నీళ్లు పంచే నీరుగంటి మడవలు దాని ప్రకారం కడతాడు. వందల ఏళ్లుగా చెరువుల కింద నడిచిన పద్ధతి, బోర్లు వచ్చాక ఎవరికీ పనికిరాకుండా పోయింది.

సగానికి సగం అని తేలింది. వెంటనే తాతే మళ్లీ అడ్డం తిరిగాడు. "ఐదెకరాలోనికి సగం, రెండెకరాలోనికి సగం ఒకటేనా? ఒకెకరాతో నేనేం తినల్ల?" మామ నవ్వి తన లెక్క మళ్లీ వేశాడు. తాతకు ఎకరన్నర, మిగతా అందరికీ సగం. పన్నెండున్నర ఎకరాలు, తొమ్మిది రోజులు. ఎవరి చేలో ఏ సగమో వాళ్ల ఇష్టం. మిగతా సగం వానదేవుడికి వదిలేశాం. చేతులారా సగం పంటను వదులుకుని ఇంటికి రావడం ఎట్లుంటుందో చెప్పలేను. ఆ రాత్రి అమ్మ పొయ్యి ముట్టించలేదు.

కరెంటు కోతలతో తొమ్మిది రోజులు పదకొండయ్యాయి. తడిసిన చెక్కలో మాకు ఎకరాకు ఏడు మూటలు పండింది. తడవని చెక్కలో ఒకటిన్నర, దాన్ని పశువుల కట్టె కోసమే పీకాం. అప్పు తీరలేదు. కానీ ఆ ఏడు మా ఏడిళ్లలో బోరు కోసం కొత్తగా అప్పు చేసినవాళ్లు లేరు.

ఇక మా ఇంటి తప్పు చెప్పాలి. ఆ పదకొండు రోజుల్లో ఏడో రోజు తెల్లవారుజామున వదిన మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. "అబ్బోడా, మీ టమాటా మళ్లో పాదాలు తడిగా ఉండాయి" అంది. వాన లేదు. ఆ రోజు మా బోరు వంతు ఆమె చేనుది. నేను వెళ్లి చూశాను. ఇంటి పక్క పది సెంట్ల టమాటా, కాలువల్లో నీళ్లింకా ఇంకలేదు. రాత్రి రెండో విడత కరెంటు వచ్చినప్పుడు నాయన లేచి వేసుకున్నాడు.

ఒప్పందం ప్రకారం ఐదు వందలు జుల్మానా. నేను కట్టేద్దామన్నాను. నాయన వద్దన్నాడు: "నా బోరుకు నేను జుల్మానా కట్టాల్నా?" మూడు వారాలు కట్టలేదు. ఎవరూ గట్టిగా అడగలేదు కూడా. కాకపోతే సాయంత్రం ఆయన రచ్చకట్ట మీద కూర్చుంటే మాటలు కాస్త తగ్గేవి, మేకల తాత బీడీ అడగడం మానేశాడు. నోటుబుక్కులో ఆ తేదీ పక్కన వదిన "బాకీ 500" అని రాసింది. కూటమి జరిగినప్పుడల్లా ఆ పేజీ చదివేవాళ్లు, ఎవరి పేరూ ఎత్తకుండా.

నాలుగో వారం నాయన డబ్బు తెచ్చి పెట్టాడు. పెట్టి, పంచె పైకి లాగి, మొలతాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఎన్నేళ్ల ముడో, రాలేదు. పళ్లతో లాగాడు. చివరికి వదినే కొడవలి కొసతో కోసింది. "ఇది నా దగ్గరుంటే నాకు నిద్ర పట్టదు. నువ్వే పెట్టుకో తల్లీ" అన్నాడు. తర్వాతి కూటమిలో దాన్నే నియమంగా రాశాం: మూడు తాళంచెవులూ బోరు లేని ఇంట్లోనే ఉండాలి. స్టాంపు కాగితంలో ఉండాల్సిన మొదటి వాక్యం అదే, మాకు ఆర్నెల్లు పట్టింది తెలియడానికి.

తర్వాత ఒకటీ అరా కలిశాయి. విత్తనకాయ ఉమ్మడిగా దాచుకోవడం, జీవామృతం డ్రమ్ములు ఒకేచోట పెట్టుకోవడం, తాత మేకల మందను ఎరువు కోసం వంతులవారీగా రాత్రిళ్లు చేలలో ఆపడం. కలుపు తీసే మిషను ఉమ్మడిగా కొన్నాం, అది మాత్రం ఏడాదికే మూలన పడింది. అందరిదీ అయిన మిషనుకు ఆయిలు పోసేవాడు ఉండడు.

వానలు బాగా పడ్డ ఏళ్లలో మా సంఘం నిద్రపోయింది. 2021 నవంబరులో కురిసిన వానకు చెరువులు మరువలు పారాయి, పాత బావుల్లో నీళ్లు చేతికందేలా వచ్చాయి. కూటమికి పిలిస్తే నలుగురు కూడా వచ్చేవాళ్లు కాదు. "నీళ్లున్నప్పుడు నీళ్ల మాట ఎందుకు?" అనేవాళ్లు. డ్రమ్ము మా పెరట్లో బోర్లించి ఉంటే కోడి గుడ్లు పెట్టింది దాని కింద.

ఆ నిద్రలోనే దెబ్బ తగిలింది. 2022లో గుడి పక్క అన్నదమ్ముల్లో చిన్నవాడు, కూతురి పెళ్లి కోసం మూడెకరాలు అమ్మేశాడు. కొన్నది టౌను మనిషి, మామిడి తోట పెడతానన్నాడు. మా కాగితంలో సంతకాలు మనుషులవి. భూమి అమ్మితే కొన్నవాడూ కట్టుబడాలని ఎక్కడా రాసుకోలేదు. పెళ్లిలో అందరం భోజనం చేసి వచ్చాం. మూడో నెల ఆ చేలో బోరు లారీ దిగింది. 650 అడుగులకు రెండంగుళాల నీళ్లు పడ్డాయని చెప్పారు.

నీళ్లు, నేల, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. బోరు వేయాలంటే అనుమతి కావాలి. ఆ సంగతి రాసి ఆఫీసుకు అర్జీ ఇచ్చాం. "చూస్తాం" అన్నారు. మూడుసార్లు తిరిగాం, మూడుసార్లూ చూస్తామనే అన్నారు.

2023 ఆగస్టులో మళ్లీ బెట్ట. మా బోరుకు డ్రమ్ము నిండే సమయం 160 సెకన్ల నుంచి 240కి పోయింది. దామాషా ఈసారి సగం కాదు, మూడో వంతు. ఒక్కరూ గొడవ పడలేదు, తాత ఈసారి ఎక్కువ అడగలేదు. మామిడి తోటాయనను కలిసి, పైపు మీ చేను గుండానే పోతుంది, మూత అక్కడే ఉంది, మీ బోరు కలపండి, మోటారు కాలిన నాడు మా నీళ్లు మీకు వస్తాయి అని చెప్పాం. మంచినీళ్లిచ్చి, మర్యాదగా కూర్చోబెట్టి, ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాడు. వదిన మాత్రం ఆ చేనుకు నోటుబుక్కులో ఒక పేజీ తీసి, పైన సర్వే నంబరు వేసి ఖాళీగా ఉంచింది.

ఒప్పందం గడువు 2028 ఫిబ్రవరి దాకా. కొత్త కాగితంలో ఈసారి భూమి సంగతి రాయాలి, పిల్లల సంతకాలూ తీసుకోవాలి. ఇప్పుడు శనివారం శనివారం డ్రమ్ము నాయనే పెడుతున్నాడు. సెల్లులో సెకన్లు ఆయనకు కనబడవు, మనవరాలిని వెంట తీసుకుపోతాడు. నిన్న ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి వదినకు చెప్పింది: "రెండు వందల పది". వదిన రాసుకుంది.